రాతి వంతెనకి సిమెంటు పూయనివ్వకండి

మీ ఊరి కాలవ మీద రాతి కమాను వంతెనకి పగుళ్లొచ్చాయని, సిమెంటు పూత వేయిస్తే ఆగుతుందా అని అడిగారు. ఆగదండీ, దయచేసి వేయించకండి. మాదీ కోనసీమే. మా ఊళ్లో ఇలాంటిదే రెండు కమానుల వంతెనకి ఒక కాంట్రాక్టరు మొహమంతా సిమెంటు పూసి వెళ్లాడు, కొత్తగా మెరుస్తోందని మేమంతా సంతోషించాం. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి పూత బుడిపెలు లేచి ఊడిపోయింది, దాంతోపాటు రాళ్ల అంచులు కూడా పెచ్చులుగా రాలాయి.

ఎందుకిలా అయిందో ఒక పాత తాపీమేస్త్రీ చెప్పాడు. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి, పైన బరువంతా పక్కకి తిరిగి గట్టు వైపు గోడల్లోకి దిగుతుంది. మధ్యలో గానుగ సున్నం, అంటే గానుగలో ఆడిన సున్నం, ఉన్నది రాళ్లు సరిగ్గా కూర్చోడానికే. ఆ సున్నం లోపలి తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు, తడి లోపలే ఉండిపోయి రాయిని తినేస్తుంది. అందుకని సందులు సున్నంతోనే నింపించండి. రావి మొక్క మొలిస్తే వేలంత ఉన్నప్పుడే తీసేయాలి, ముదిరాక పీకితే వేరుతో పాటు రాళ్లూ వచ్చేస్తాయి. పైన రోడ్డు మీద వాననీళ్లు నిలవకుండా చూడండి, సగం జబ్బు అక్కడే ఉంటుంది.

పంచాయతీవాళ్లు నమ్మకపోతే పి.గన్నవరం తీసుకెళ్లి వైనతేయ మీద పాత అక్విడక్టు చూపించండి. కాటన్ దొర కాలంలో, 1850ల మొదట్లో కట్టింది, 49 కమానులు, ఒక్కోటి 40 అడుగులు, కింద గోదావరి పాయ, పైన కాలవ. నీళ్లు ఇప్పుడు పక్కనే కట్టిన డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా వెళ్తున్నాయి గానీ పాతది ఇన్ని వరదలు చూసి కూడా నిలబడే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది.

మా వంతెన కింద రాతి అంచు మీద నున్నగా అరిగిన గాడులుండేవి, పడవల్ని గట్టు మీంచి మోకుతో లాగే రోజుల్లో పడ్డవని మా తాతయ్య చూపించేవాడు, ఆ పూత కింద అవి కూడా పోయాయి. మీ వంతెనకీ ఉండొచ్చు. వేసవిలో కాలవకి నీళ్లు ఆపేయగానే కిందికి దిగి చూడండి, పగులు కమాను మధ్యలో కాకుండా గట్టు వైపు గోడలో ఉంటే మాత్రం పునాది కదిలిందేమోనని అనుమానించి, బరువు లారీలు ఆపించి, ముందు ఇంజనీరుకి చూపించండి.