హెచ్‌ఐవీ ఉందని తెలిస్తే సిస్టర్లు ఎందుకలా ఉంటారు?

ఆపరేషన్ కోసం చేరిన మీ అన్నయ్యకు బీపీ చూడటానికి కూడా గ్లౌజులు వేసుకుంటున్నారని, మంచానికి ‘హెచ్‌ఐవీ’ అని కాగితం అంటించారని రాశారు. అసలు డాక్టర్‌కు చెప్పకుండా ఉండాల్సిందా అని అడిగారు.

నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సును. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఒకాయనకు జ్వరం చూడటానికి రెండు జతల గ్లౌజులు వేసుకుంటే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. ముట్టుకుంటే రాదని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కానీ వార్డులో సీనియర్లు ఏం చేస్తే అదే నేర్చుకున్నాను.

తర్వాత ఒక నైట్ డ్యూటీలో, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోతే వేలికి గుచ్చుకుంది. అది చేయకూడని పని. ఆ పేషెంట్‌కు హెచ్‌ఐవీ ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. రెండు గంటల్లోపే, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు మొదలుపెట్టాను. మొదలుపెట్టడానికి 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. అలా గుచ్చుకుంటే సోకేది వెయ్యిలో సుమారు 3 సార్లే. టీకా వేసుకోకపోతే హెపటైటిస్-బి ముప్పు దీనికి ఎన్నో రెట్లు. ఇవన్నీ తెలిసినా టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఆ నెలంతా తోటి సిస్టర్ ఒకామె నా నీళ్ల బాటిల్‌ను విడిగా పెట్టేది. నాకు సోకలేదు. ఆ బాటిల్ మాత్రం మర్చిపోలేను.

ఎవరి రక్తంలో ఏముందో చూసి చెప్పలేం. అందుకే రక్తం తగిలే పనికి ప్రతి పేషెంట్ దగ్గరా గ్లౌజులు వేసుకోవాలి, బీపీకి మామూలుగా ఎవరి దగ్గరా అక్కర్లేదు. మంచానికి కాగితం అంటిస్తే, కాగితం లేని మంచాల దగ్గర జాగ్రత్త తగ్గుతుంది. నాకు జరిగింది అదే.

డాక్టర్‌కు చెప్పి మంచి పని చేశారు. ఏఆర్‌టీ మందులకు, అంటే హెచ్‌ఐవీకి రోజూ వాడే మందులకు, ఆస్పత్రిలో ఇచ్చే కొన్ని మందులకు పడదు. ఉదాహరణకు డోలుటెగ్రావిర్ అనే ఏఆర్‌టీ మాత్రతో పాటే గ్యాస్‌కు ఇచ్చే యాంటాసిడ్ మందో, ఖాళీ కడుపున కాల్షియం మాత్రో వేస్తే డోలుటెగ్రావిర్ సరిగా ఒంటికి పట్టదు. ఏఆర్‌టీ మాత్రలు దగ్గరే ఉంచుకోండి. ఆపరేషన్ రోజు ఎలా వేసుకోవాలో ముందే అడగండి, ఒక్క పూట కూడా తప్పనివ్వొద్దు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు ఉంటే చూపించండి.

ఆ కాగితం సంగతి ఇంచార్జి సిస్టర్‌తో విడిగా మాట్లాడండి. కేస్ షీట్ లోపల ఉంటే చాలు, మంచానికి వద్దని చెప్పండి. వినకపోతే సూపరింటెండెంట్‌కు రాసివ్వండి. ఆ రోజుల్లో నన్ను ఒక్కరు అలా అడిగినా సిగ్గుపడి తీసేసేదాన్ని.