ఎడమ వైపు జరిగింది, కుడి వైపు అనుకున్నది

జయనగర్, బెంగళూరు

చిట్టీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఆదివారం నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. అన్నం దగ్గర కూర్చుని ఫోన్ బోర్లా పెట్టావు. మూడు ముద్దలకోసారి తిప్పి చూశావు. మీ మేనేజర్ ‘రేపు ఒకసారి మాట్లాడదాం’ అని పెట్టిన ఒక్క మెసేజ్‌కి రాత్రంతా నీకు నిద్ర లేదు. సోమవారం తేలిందేమిటి? సంక్రాంతికి ఎవరెవరు ఊరెళ్తున్నారో అడగడానికట. ఫోన్‌లో నవ్వుతూనే చెప్పావు గానీ, పోయిన నిద్ర ఎవరిస్తారు?

నిన్ను తప్పు పట్టడం లేదే. ఈ విద్యలో నేను నీకంటే సీనియర్ని.

బ్యాంకు క్యాష్ కౌంటర్లోనే నా ఉద్యోగమంతా గడిచిందని నీకు తెలుసు. 1996లో ఒక సాయంత్రం లెక్క చూస్తే రెండు వేలు తక్కువ వచ్చింది. తక్కువ వస్తే క్యాషియరే చేతి నుంచి కట్టుకోవాలి. ఆ రోజుల్లో రెండు వేలంటే మా ఇంటి అద్దె. రెండోసారి లెక్కపెడుతుంటే వేళ్లు వణికాయి. ఆ పది నిమిషాల్లో నా బుర్రలో ఏమేం జరిగిపోయాయో విను: నన్ను సస్పెండ్ చేశారు, పేపర్లో పడింది, హిందూపురంలో మీ తాతయ్యకు తెలిసింది, మా అత్తగారు ‘నేను ముందే చెప్పాను’ అన్నారు. ఇంతలో పక్క కౌంటరాయన వచ్చి, పొద్దున చిల్లర కావాలంటే నేనే ఇచ్చిన ఇరవై వంద నోట్ల సంగతి గుర్తు చేశాడు. చీటీ రాసుకోవడం మరిచిపోయాను, అంతే. లెక్క సరిపోయింది. గుండె దడ మాత్రం మూడు నెలలు వదల్లేదు.

గుండెకేమీ లేదని ఈసీజీ తీసి చెప్పిన డాక్టరే ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి వెళ్లమన్నాడు. అప్పట్లో మనవాళ్లు ఆ పేరు గట్టిగా అనేవాళ్లు కాదు. 1974లో పాత మానసిక వైద్యశాలను కూడా కలుపుకుని ఏర్పడిన సంస్థ కదా, జనం నోట్లో పాత పేరే ఉండిపోయింది. మీ పెదనాన్న నన్ను తీసుకెళ్తూ ఇంట్లో ‘డెయిరీ సర్కిల్ దాకా వెళ్లొస్తాం’ అని చెప్పారు. అబద్ధమేం కాదు, దారి అదే.

అక్కడ ఒక సైకాలజిస్టు అమ్మాయి అడిగింది: ‘దడ మొదలయ్యే ముందు మీ మనసులో ఏ మాట వచ్చింది?’ ఏమీ రాలేదు, ఊరికే టెన్షన్ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. టెన్షన్ వచ్చిందంటే దానికి ముందు ఏదో ఒక మాట వచ్చే ఉంటుంది, ఈ వారం దాన్ని పట్టుకుని రండి అంది. ఇలా మనకు తెలియకుండానే తోసుకొచ్చే ఆలోచనల్ని 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టర్ తన రోగుల్లో గమనించాడట. వాటిని పట్టుకుని పరీక్షించడం మీదే ఒక వైద్య పద్ధతి తయారు చేశాడట. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక నలభై పేజీల నోటుబుక్కు మాత్రమే.

నువ్వూ ఒకటి కొనుక్కో. ఫోన్‌లో రాస్తానంటావు, వద్దు. మెసేజ్ వచ్చే చోటే మందు పెట్టుకోవడమేమిటి?

ముందు ఒంటిని చూడు. ఆలోచన కంటికి కనపడదు గానీ ఒళ్లు చెప్పేస్తుంది. నాకైతే ఎడమ బొటనవేలు నోట్ల కట్టను అవసరం కంటే గట్టిగా నొక్కేది. నీకు దవడ బిగుసుకుంటుంది, మొన్న చూశాను. అది తెలిసిన వెంటనే ‘ఇప్పుడే ఏమనుకున్నాను?’ అని అడుక్కో. వచ్చిన మాటను వచ్చినట్టే తెలుగులో రాయి. ఆఫీసు ఇంగ్లీషులోకి మార్చావంటే మర్యాదగా అయిపోతుంది, అసలు సంగతి జారిపోతుంది.

చాలాసార్లు అది ప్రశ్న వేషంలో వస్తుంది. ‘రేపు ఏమవుతుందో?’ అని. అలా రాసి ఊరుకోకు. ఆ ప్రశ్నకు నీ మనసు అప్పటికే ఒక జవాబు చెప్పేసుకుని ఉంటుంది, అది బయటికి లాగు. నీ విషయంలో అది ‘నన్ను తీసేస్తారు, అమ్మకు ఎలా చెప్పాలి’. అవునా? ఇంత దూరం వెళ్తే తప్ప పని జరగదు.

తర్వాత పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమ వైపు జరిగింది రాయి: ‘మాట్లాడదాం అని మెసేజ్ వచ్చింది, రాత్రి 9:40.’ కుడి వైపు మనసు కలిపింది రాయి. ఎడమ వైపు ఒక్క లైను, కుడి వైపు అర పేజీ వస్తుంది. నా మొదటి వారం పుస్తకం చూసి నాకే సిగ్గేసింది. ఒక్క పూటలో ముగ్గురిని చంపేశాను!

ఆ ఆలోచనను తరిమెయ్యాలని మాత్రం చూడకు. మందు ఇచ్చి, తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న వైద్యుడి కథ మీ అమ్మమ్మ చెప్పేది కదా. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పరీక్ష చేశాడు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు విద్యార్థులతో. గంట మోగుతూనే ఉంది. కోతయినా ఎలుగుబంటయినా, వచ్చిందని రాసుకుని నీ పని చేసుకో. ‘అంతా మంచే జరుగుతుంది’ అని దానితో వాదించకు, ఆ మాట నీ మనసే నమ్మదు.

మొదట్లో టెన్షన్ పెరిగినట్టు అనిపిస్తుంది. ఇల్లు దులిపితే దుమ్ము లేస్తుంది కదా. బెల్లందూరు దగ్గర 500డి బస్సు ఎలాగూ కదలదు, ఆ టైంలో రాసుకో. రోజుకు ఒకటి పట్టుకున్నా చాలు.

2016 నవంబరు 10 నాకు బాగా గుర్తు. 8వ తేదీ రాత్రి పాత నోట్లు రద్దు, 9న బ్యాంకులు మూత, 10న షట్టర్ ఎత్తేసరికి వరస రోడ్డు మీదికి ఉంది. మనిషికి నాలుగు వేలు మార్చివ్వాలి. పదకొండింటికి బొటనవేలు మొదలుపెట్టింది. ‘లెక్క తప్పుతుంది, జీతమంతా పోతుంది’ అని ఒక స్లిప్పు వెనక రాసి పేపర్ వెయిట్ కింద పెట్టాను. భయం ఎక్కడికీ పోలేదు, కానీ చెయ్యి మళ్లీ నా మాట వింది. ఆ వారంలో ఒక రోజు నిజంగానే ఐదు వందలు తక్కువ వచ్చింది, కట్టాను. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటే నిద్ర పట్టింది.

ఒకటి మాత్రం చూసుకో. ఎడమ వైపే నిండిపోతుంటే, అంటే రోజూ రాత్రి పదింటి దాకా పని, ఇద్దరి పని ఒక్కదానివే చేయడం, అది నీ ఆలోచనల తప్పు కాదు. ఆ పేజీ చూసుకుని మేనేజర్‌తో లెక్కగా మాట్లాడు, లేదా వేరే ఉద్యోగం చూసుకో. లోపల మనసును చూసుకుంటూ బయటి గాడిద చాకిరీ భరించమని నేను చెప్పను.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి వచ్చినా, పుస్తకం పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనివాళ్లు మాట్లాడటానికి 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ సేవ అది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనూ మాట్లాడతారు. నాకు చేసినా సరే, ఏ టైమైనా.

ఇది రాస్తుండగా మీ పెదనాన్న లాల్‌బాగ్ నుంచి అరగంట ఆలస్యంగా వచ్చారు. కుడి వైపు అప్పటికే అంబులెన్స్ దాకా వెళ్లాను. సంచీ నిండా అనపకాయలు తెచ్చారు. ఆదివారం రా, పితికిపప్పు చేద్దాం. రెండు కిలోల కాయలు ఒలవాలి, చేతులు ఖాళీ ఉండవు, ఫోన్ బ్యాగులోనే పెట్టుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ