డాక్టర్ సలహా: టీకా వేసిన మూడో రోజే కోళ్లు చనిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. డ్వాక్రా రుణంతో 250 నాటుకోడి పిల్లల్ని పెంచుతున్నాను. వయసు ఏడు వారాలు. కొక్కెర తెగులు రాకుండా పోయిన ఆదివారం లాసోటా టీకా నీళ్లలో కలిపి తాగించాను. మూడో రోజు నుంచి కొన్ని తూగుతున్నాయి, ఆకుపచ్చగా పారుతున్నాయి. ఆరు చనిపోయాయి. మందుల షాపులో ఇచ్చిన పసుపు రంగు మందు పొడి నాలుగు రోజులుగా నీళ్లలో వేస్తున్నాను. టీకా కోడి పేగులో పనిచేస్తుందంటారు కదా, మా కోళ్లకు ఎందుకు పనిచేయలేదు? డోసు రెట్టింపు చేసి మళ్లీ వేయమంటారా? వానకు తడిసిన మొక్కజొన్న కొంత దాణాలో కలిపాను, దాని వల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: అమ్మా, ముందు డోసు సంగతి పక్కన పెట్టండి. ఆరు కోళ్లు పోయాయి, ఆకుపచ్చ రెట్ట వేస్తున్నాయి అన్నారు. నన్ను కంగారు పెట్టింది అదే. కోడిని చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పలేను. కొక్కెర తెగులు కావచ్చు, కోళ్లకు వచ్చే కలరా కావచ్చు, కోళ్ల టైఫాయిడ్ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఏం చేసిందో చూశాం, కాబట్టి ఆ అనుమానం కూడా తీర్చుకోవాలి. ఈ జవాబు చదివిన రోజే మీ మండల పశువైద్యుడికి చెప్పండి. ఆయన దొరక్కపోతే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి.

లాసోటా వేశాక రెండు మూడు రోజులు కొన్ని కోళ్లు తుమ్మడం, కాస్త డల్‌గా ఉండటం మామూలే. ఆకుపచ్చ పారుడు, వరసగా చావులు మాత్రం సాధారణంగా ఆ టీకా వల్ల రావు. మీరు టీకా వేసే నాటికే రోగం షెడ్డులోకి వచ్చి ఉండవచ్చు. కొక్కెర తెగులు వైరస్ ఒంట్లో చేరిన రెండు నుంచి ఆరు రోజులకు లక్షణాలు బయటపడటం ఎక్కువగా చూస్తాం. టీకా బలం రావడానికి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అలాంటప్పుడు టీకా ఎంత మంచిదైనా సమయం చాలదు.

ఇక పేగు సంగతి. మనకున్నట్టు కోడికి లింఫు గ్రంథులు ఉండవు. రక్షణ కణాలు చాలావరకు పేగు గోడలో అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి. చిన్న పేగు చివర రెండు సంచుల్లాంటి పేగులు మొదలయ్యే చోట టాన్సిల్స్ లాంటి ముద్దలు ఉంటాయి, అదొక పెద్ద కాపలా చోటు. బతికున్న టీకా వైరస్ నోట్లోంచి దిగి లోపలి పొరల్లో కాస్త పెరిగితేనే ఈ కణాలు దాన్ని గుర్తుపట్టి ఐజీఏ అనే యాంటీబాడీని పేగులోకి, పైత్యంలోకి వదులుతాయి. అసలు రోగం వచ్చినప్పుడు వైరస్‌ను గడప దగ్గరే ఆపేది అదే. చంపిన వైరస్ టీకాను సూదితో వేస్తే రక్తంలో యాంటీబాడీ బాగా పెరుగుతుంది, పేగులో అంతగా పెరగదు. ముందు చుక్కలు, తర్వాత సూది అనే వరస అందుకే పెట్టారు.

ఇంకొకటి, బర్సా. రెట్ట వేసే ద్వారానికి పైన ఉండే చిన్న సంచి అది. యాంటీబాడీలు చేసే కణాలు తయారయ్యేది అక్కడే. 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్, ఆయన తోటివారు బర్సా తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు సరిగా రావడం లేదని రాశారు. మనుషుల రక్తపరీక్షల్లో కూడా వినిపించే ‘బి కణం’లో ఆ ‘బి’ ఈ బర్సాదే. గంబోరో అనే కోళ్ల జబ్బు తెచ్చే వైరస్ దెబ్బ తీసేది ఈ సంచినే. మూడు నుంచి ఆరు వారాల పిల్లకు గంబోరో వచ్చి పోతే, తర్వాత ఏ టీకా వేసినా అంత బాగా పట్టదు. మీరు మొదటి వారంలో లాసోటా, రెండో వారంలో గంబోరో టీకా వేశారో లేదో రాయలేదు. నాకు కావాల్సిన మొదటి సమాచారం అదే. డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

తడిసిన మొక్కజొన్న అని చివర్లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అది చిన్న విషయం కాదమ్మా. తడిసిన గింజకు బూజు పడుతుంది, ఆ బూజు విషం కూడా బర్సాను కుంగదీసి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. ఆ దాణా ఈరోజే ఆపండి. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

ఆ పసుపు రంగు పొడి గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. దాని పేరు కూడా మీకు తెలియదు! అది యాంటీబయోటిక్ అయితే, వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు. పేగులోని మంచి బ్యాక్టీరియా మాత్రం దెబ్బతింటుంది. ఆ బ్యాక్టీరియా లేకుండా పెరిగిన కోళ్లలో పేగు రక్షణ సరిగా ఎదగదని, ఐజీఏ తక్కువగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. పైగా ఆ మందు పడ్డాక ల్యాబ్‌లో కల్చర్ పరీక్ష చేసినా బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. మాంసంలో మందు మిగిలి తినేవాళ్లకు చేరుతుంది. కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను 2019లో కేంద్రం కోళ్లకు, పశువులకు వాడొద్దని నిషేధించింది. మీ పొట్లంలో ఏముందో చూడండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలా నాలుగు రోజులు షాపు మందు వాడి, సగం కోళ్లు పోయాక వస్తారు. ఆ నాలుగు రోజులే మిగతావాటిని కాపాడుకునే సమయం. పొడి ఆపి, పొట్లం దాచి డాక్టర్‌కు చూపించండి. పరీక్షలో బ్యాక్టీరియా అని తేలితే సరైన మందు ఆయనే రాస్తారు.

డోసు రెట్టింపు వద్దు. కొక్కెర తెగులుకే వేసే ఆర్‌2బి సూది కూడా మీ అంతట మీరు వేయకండి, అది బలమైన టీకా, నలతగా ఉన్న కోడి తట్టుకోలేదు. బాగున్నవాటికి ఇప్పుడు వేయాలా వద్దా అన్నది చూసిన డాక్టర్ నిర్ణయించాలి.

ఈసారి టీకా వేసేటప్పుడు బ్లీచింగ్ కలిసిన పంచాయతీ నీళ్లు వాడొద్దు, క్లోరిన్ టీకా వైరస్‌ను చంపేస్తుంది. చల్లని బోరు నీళ్లు, లీటరుకు రెండు మూడు గ్రాముల వెన్న తీసిన పాలపొడి, రెండు గంటల్లో తాగి అయిపోయేంత నీళ్లే కలపండి. సీసా ఇంటికి చేరేదాకా ఐసులోనే ఉండాలి. అయినా 250 కోళ్లే కదా, ఒక్కోదాన్ని పట్టుకుని కంట్లో చుక్క వేయడం మేలు. నీళ్లలో ఏ కోడి ఎంత తాగిందో మనకు తెలియదు.

చనిపోయిన కోడిని ఇంట్లో కోయకండి, వండకండి, అమ్మకండి. తూగుతున్నవాటిని విడిగా ఉంచండి, పిల్లల్ని అటు పోనివ్వకండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తాజాగా చనిపోయిన కోడిని రెండు కవర్లలో చుట్టి ఐసు మధ్య పెట్టండి, ఫ్రిజ్ గడ్డపెట్టెలో పెట్టొద్దు. డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పిన చోటికే పంపండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే కోళ్లు చనిపోయిన సంగతి కూడా ఆసుపత్రిలో చెప్పండి. పోస్టుమార్టం చేశాక కందనకాయకు ముందున్న పొట్టలో రక్తపు చుక్కలు ఉన్నాయా, బర్సా ఎలా ఉందో అడిగి రాసుకుని నాకు పంపండి.