బీఈడీ చెయ్యమంటే పరిశోధన అంటోంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. చిన్న కిరాణా కొట్టు ఉంది. మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తిచేసింది. ఇంగ్లీషు లిటరేచర్ ఒక సబ్జెక్టు. బీఈడీ చేసి డీఎస్సీ రాస్తే మా కళ్ల ముందే ఉద్యోగం చేసుకుంటుందని మా ఆశ. తనేమో ఎంఏ చదివి, పిల్లలకు భాష ఎలా వస్తుంది, ఎలా నేర్పాలి అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మొన్న వేసవిలో కొండ దగ్గర ఊళ్లో సవర పిల్లలకు నెల రోజులు ఇంగ్లీషు చెప్పి వచ్చింది. అప్పటి నుంచీ ఇదే పట్టు. అలాంటి చదువు నిజంగా ఉందా? అది చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? ఒకపక్క సంబంధాలూ వస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నేనొకటి అడుగుతాను. పాతపట్నంలో కొట్టు నడుపుతున్నారంటే, పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్లతో ఒరియాలో బేరం చేసే ఉంటారు. సంత రోజున కొండ దిగి వచ్చేవాళ్లతో నాలుగు సవర మాటలైనా ఆడి ఉంటారు. అవి మీకు ఏ బడిలో నేర్పారు? ఎవరూ వ్యాకరణం చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. అయినా బేరం తెగుతోంది, లెక్క సరిపోతోంది. మరి మీ వీధిలో కుర్రాడు ఒకటో తరగతి నుంచి పది దాకా ఇంగ్లీషు చదివి, ఇంటర్వ్యూలో తన గురించి ఐదు వాక్యాలు చెప్పలేక చెమటలు కక్కుతున్నాడు. ఎందుకలా? మీ అమ్మాయి చదువుతానంటున్నది ఈ ‘ఎందుకు’ గురించే.

ఆ చదువు ఉంది. ఇంగ్లీషు వరకైతే దాన్ని ఈఎల్‌టీ అంటారు, అంటే ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్. భాష ఏదైనా సరే అనుకుంటే అప్లైడ్ లింగ్విస్టిక్స్, మన పుస్తకాల్లో అనువర్తిత భాషాశాస్త్రం.

నిజానికి మీ ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకం వల్ల చెవుడు కూడా తెచ్చుకున్నారు. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. వ్యావహారిక భాష కోసం ఆయన పోరాటం అందరికీ తెలుసు. అది కూడా ఒక బోధన సమస్యతోనే మొదలైందని చాలామందికి తెలియదు. 1906–07 ప్రాంతంలో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో తెలుగు ఒకటి, జనం నోట్లో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అడిగాడట. పంతులుగారు ఆ ప్రశ్న పట్టుకుని, యూరప్‌లో భాషాబోధన మీద వస్తున్న కొత్త పుస్తకాలు తెప్పించి చదివారు. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే.

మీ అమ్మాయికి ఆ నెల రోజుల్లో తగిలిన ప్రశ్న కూడా ఇలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుతో చుట్టరికం లేదు. ఆ పిల్ల బడికి వచ్చిన మొదటి రోజే తెలుగు పరాయి భాష. దాని మీద ఇంగ్లీషు. పాఠం అర్థం కాక నోరు మూసుకుని కూర్చున్న పిల్లను మనం ‘మందబుద్ధి’ అనేస్తాం. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేయించి, ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లే కార్యక్రమం నడిపింది ఇందుకే. ఆ పుస్తకాలు రాయడానికి, వాటితో చెప్పే టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి, పిల్లలకు వచ్చిందో లేదో కొలవడానికి ఈ చదువు చదివినవాళ్లే కావాలి. ఆ ఊళ్లకు వెళ్లి పనిచేస్తామనేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

ఇక ‘పరిశోధన’ అనే మాట మిమ్మల్ని భయపెట్టినట్టుంది. ప్రయోగశాల, తెల్ల కోటు ఏమీ ఉండవు. ఎన్.ఎస్. ప్రభు అని ఇంగ్లీషు బోధన నిపుణుడు ఒకాయన 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం ముందు చెప్పడం మానేసి, పిల్లలకు పని ఇచ్చారు. రైళ్ల టైంటేబుల్ ఇచ్చి ఏ రైలు ఎక్కితే ముందు చేరతామో తేల్చమనడం, అన్ని తరగతుల టైంటేబుళ్లు ఇచ్చి ఒక టీచరు టైంటేబుల్ తయారుచెయ్యమనడం, ఇలాంటివి. బుర్ర పని మీద ఉంటే భాష దానంతటది ఎక్కుతుందన్నది ఆయన వాదన. మీ కొట్లో జరిగింది అచ్చంగా అదే చూడండి, బేరం మీద ధ్యాస ఉంది, ఒరియా వచ్చేసింది. ఆ ప్రయోగం ఫలితాలను బయటివాళ్లు వచ్చి కొలిచారు, వాటి మీద వాదనలూ జరిగాయి. అయినా ఇలా పని ఇచ్చి భాష నేర్పే ‘టాస్క్’ పద్ధతి మీద ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఈ దక్షిణాది బడుల ప్రస్తావన రాక తప్పదు. తర్వాత 1990లో ఆయనే ఒక వ్యాసం రాసి, ‘అన్నిటికన్నా మంచి పద్ధతి’ అనేది ఏదీ లేదన్నారు. తన పాఠం ఎందుకు పనిచేస్తోందో టీచరుకు తెలిసి ఉండటమే ముఖ్యమన్నారు. కోచింగ్ సెంటర్ల వాళ్లు ఈ వ్యాసం చదివితే బాగుండును.

ఈ చదువు మనకెందుకు పనికొస్తుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థ అంచనా ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు తెలుగు ఉద్యోగానికి సరిపడా రావాలంటే దాదాపు 44 వారాలు, 1,100 క్లాసు గంటలు పడుతుంది. అదీ చిన్న క్లాసులో, జీతం తీసుకుంటూ, వేరే పని లేకుండా. అటు నుంచి ఇటు అంత దూరం ఉంటే, ‘30 రోజుల్లో ఇంగ్లీషు’ అని ప్రకటనలు చెప్పినట్టు ఇటు నుంచి అటు ఎలా వెళ్తాం? మన బడిలో 40 నిమిషాల పీరియడు, 40 మంది పిల్లలు. టీచరు అసలు నోరే విప్పకపోయినా, ఒక్కో పిల్లకు మాట్లాడటానికి దక్కేది ఒక్క నిమిషం. టీచరు నోరు విప్పకుండా ఎక్కడుంటాడు! ఉన్న ఆ కాస్త సమయాన్ని ఎలా వాడాలన్నదే మీ అమ్మాయి రంగంలో పెద్ద ప్రశ్న.

ఇంగ్లీషు మీడియం గొడవలోనూ ఈ పరిశోధన పనికొస్తుంది. జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు వలస వచ్చినవాళ్ల పిల్లలను చూసి చెప్పిందేమిటంటే, ఆటల్లో మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠం చదివి అర్థం చేసుకుని రాసే భాష తోటి పిల్లల స్థాయికి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అక్కడ బడి బయటా ఇంగ్లీషే. మన పిల్లలకు అదీ లేదు. ‘మావాడు ఇంగ్లీషు గలగలా మాట్లాడుతున్నాడండీ, సైన్సులో మాత్రం మార్కులు రావడం లేదు’ అని నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులందరికీ ముందు ఇదే చెబుతుంటాను.

ఇప్పుడు తిండి పెట్టే సంగతి. మొహమాటం లేకుండా చెబుతాను. ‘భాషాబోధన పరిశోధకులు కావలెను’ అని పేపర్లో ప్రకటన రాదు. ఉద్యోగాలు వేరే పేర్లతో ఉంటాయి. యూనివర్సిటీలు, డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లీషు ల్యాబ్, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ లాంటి చోట్ల పాఠ్యపుస్తకాలు, టీచర్ల శిక్షణ, స్వచ్ఛంద సంస్థల్లో చదువు కార్యక్రమాలు, పరీక్షల ప్రశ్నలు తయారుచేసే పని, యాప్‌లకు పాఠాలు రాసే పని. యూనివర్సిటీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో వాటికే తెలియాలి. కాంట్రాక్టు మీద ఏళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. అందుకే పీహెచ్‌డీ ఒక్కదాన్నే నమ్ముకోమని మీ అమ్మాయికి చెప్పను.

అలాగని డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకోమనీ చెప్పను. 2018 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పోస్టులు భర్తీ చేసిన డీఎస్సీ మళ్లీ 2025లోనే జరిగింది. 16,347 పోస్టులు వచ్చాయి, నిజమే. మధ్యలో గడిచిన ఏడేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వరు కదా.

నా సలహా ఇది. ముందు బీఈడీ. మీరు చెప్పినందుకు మాత్రం కాదు, తను అడిగే ప్రశ్నకు క్లాసు కావాలి గనక. బీఈడీ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ రాయించండి, మెథడాలజీ ఇంగ్లీషు తీసుకోవాలి. దాంతోపాటు హైదరాబాద్ ఇఫ్లూ ప్రవేశపరీక్ష కూడా రాయనివ్వండి. ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అది. 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం పుట్టిన సంస్థ, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం. అక్కడ ఇంగ్లీషుకే ప్రత్యేకంగా బీఈడీ ఉంది. సీటొస్తే కళ్లు మూసుకుని పంపండి. ఫీజు ప్రైవేటు కాలేజీలంత ఉండదు, లైబ్రరీ ఒక్కటి చాలు ఆ ఖర్చుకి. రాకపోతే శ్రీకాకుళంలోనే చదవనివ్వండి, నష్టమేమీ లేదు.

తర్వాత రెండేళ్లు బడిలో పని. ప్రైవేటు బడైనా, ఆశ్రమ పాఠశాలలో తాత్కాలికమైనా సరే. ఆ రెండేళ్లలోనే ఎంఏ ఇంగ్లీషు దూరవిద్యలో కట్టొచ్చు, లేదా బడి మానేసి ఇఫ్లూలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అప్లైడ్ లింగ్విస్టిక్స్ విభాగంలోనో రెగ్యులర్‌గా చదవొచ్చు. ఇక్కడొక జాగ్రత్త. లింగ్విస్టిక్స్ ఎంఏ చదివి, తీరా ఇంగ్లీషు లెక్చరర్ పోస్టుకి ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అనిపించుకున్నవాళ్లున్నారు. పట్టా మీద ఏ పేరు ఉంటుందో, దాన్ని ఏ పోస్టులకు ఒప్పుకుంటారో చేరకముందే నోటిఫికేషన్లలో చూసుకోవాలి.

ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ ఉంటే 50 శాతం వస్తే లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ వచ్చిందంటే నెలకు 37,000 ఇస్తారు, పీహెచ్‌డీ అప్పుడు మీకు భారం కాదు. జేఆర్ఎఫ్ రాకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే వచ్చేది నెలకు 8,000. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో నాలుగైదేళ్లు గడపడం ఎంత కష్టమో మీకు లెక్క చెప్పక్కర్లేదు. అందుకని జేఆర్ఎఫ్ లేకుండా పీహెచ్‌డీకి తొందరపడొద్దు. బడి ఉద్యోగం చేతిలో ఉంటే ఆగడానికి టెన్షన్ ఉండదు.

ప్రభుత్వ టీచరైపోతే పరిశోధన ముగిసినట్టే అనుకోవద్దు. బెంగళూరులో 1963 నుంచి ఉన్న రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ దక్షిణాది రాష్ట్రాల టీచర్లకే శిక్షణ ఇస్తుంది. మైసూరులోని భారతీయ భాషల సంస్థ సర్వీసులో ఉన్న టీచర్లకు మరో భారతీయ భాష పది నెలల పాటు నేర్పుతుంది. ఒక టీచరు మళ్లీ విద్యార్థి అయి, కొత్త లిపి ముందు తడబడటం కన్నా పెద్ద శిక్షణ ఏదీ ఉండదని నేననుకుంటాను.

ఆన్‌లైన్‌లో ‘120 గంటల టెసోల్ సర్టిఫికెట్, విదేశాల్లో ఉద్యోగం’ అని ప్రకటనలు కనిపిస్తాయి. డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగమనండి. నిజమైన విద్యార్థుల ముందు నేను పాఠం చెబితే, ఎవరైనా కూర్చుని చూసి తప్పులు చెబుతారా? ఇంగ్లీషు టీచర్ల కోసం కేంబ్రిడ్జి వాళ్లు ఇచ్చే సెల్టా సర్టిఫికెట్ కోర్సులో ఆరు గంటలు అలా చెప్పాలి. అది లేని సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. సెల్టా ఖరీదైనది, ఇప్పుడు తొందరేం లేదు.

సంబంధాల గురించి రాశారు. దానికి నేను కౌన్సెలర్‌ని కాను. చదువు మధ్యలో మాత్రం ఆపించకండి.

చివరగా నాలుగు మాటలు మీ అమ్మాయితో. అమ్మా, నేను కూడా ఈ సలహాలిచ్చే పనిలోకి రాకముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మూడు నెలలు టెన్సులు చెప్పాను. పరీక్షలో ఖాళీలన్నీ సరిగ్గా పూరించారు. ఆ సాయంత్రమే గేటు దగ్గర ఒకబ్బాయి ‘సార్, ఐ యామ్ గోయింగ్ యెస్టర్‌డే టు శ్రీకాకుళం’ అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. పేపరు మీద వచ్చింది నోటికి ఎందుకు రాలేదో నాకప్పుడు తెలియదు. రాసి పెట్టుకోవాలనీ తోచలేదు.

నువ్వు రాసి పెట్టుకో. నాన్నగారి కొట్లో పొడుగు ఖాతా పుస్తకాలుంటాయి, ఒకటి అడిగి తీసుకో. ఆ సవర పిల్లల దగ్గరకు వారానికో రోజైనా వెళ్లు. పిల్లలు చేసిన తప్పు, నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు, తేదీతో రాయి. ఏ భాష నుంచి వచ్చిందో పక్కన ఊహించి రాయి. హెడ్మాస్టరు ఒప్పుకుంటే నీ పాఠం పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికొచ్చి విను. నువ్వు ఎంతసేపు మాట్లాడావు, వాళ్లు ఎంతసేపు మాట్లాడారో గడియారం పెట్టి లెక్కపెట్టు. మొదటిసారి వినడం ఇబ్బందిగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకంలో ఒకే రకం తప్పు పదిసార్లు కనిపిస్తే, దాని గురించి నాకు మళ్లీ రాయి. ఏ విభాగంలో ఎంఏ చెయ్యాలో అప్పుడు మాట్లాడుకుందాం.