బూట్ తొలి దశలో మెమరీ అడిగే ముందు

నాయనా,

లినక్స్‌లో స్టార్ట్_కెర్నెల్ (కెర్నెల్ ప్రారంభ ఫంక్షన్) మొదలైనప్పటి నుంచి, మెమరీ వ్యవస్థను సిద్ధం చేసే ఎంఎం_కోర్_ఇనిట్ (పాత వెర్షన్లలో ఎంఎం_ఇనిట్) పూర్తయ్యేదాకా కెమాలక్ (కెర్నెల్‌లో మామూలుగా మెమరీ అడిగే ఫంక్షన్) జోలికి వెళ్లకు. అప్పటికి స్లాబ్ (చిన్న ముక్కలుగా మెమరీ ఇచ్చేది) సిద్ధంగా ఉండదు, బడ్డీ (పేజీల లెక్కన ఇచ్చేది) చేతిలో పేజీలుండవు. నల్ (ఖాళీ పాయింటర్) వస్తుంది, లేదా మెషీన్ అక్కడే ఆగిపోతుంది. కన్సోల్ ఇంకా లేవలేదు కనుక తెర మీద ఒక్క అక్షరమూ రాదు.

ఆ దశలో లెక్కంతా మెమ్‌బ్లాక్‌ది, అంటే బూట్ తొలి దశలో మెమరీ పంచే అలొకేటర్‌ది. దాని దగ్గర ముఖ్యంగా రెండు పట్టికలుంటాయి: ఉన్న ర్యామ్ ఒకటి, రిజర్వ్ చేసినది రెండోది. రెండోదాంట్లో లేనిదంతా దానికి ఖాళీ జాగాయే. అందుకే కెర్నెల్ ఇమేజ్, ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌లోడర్ మెమరీలో పెట్టే తొలి ఫైల్ సిస్టమ్ ఇమేజ్), డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల పట్టిక), ఫర్మ్‌వేర్ ఉంచుకున్న భాగాలు, అన్నీ మెమ్‌బ్లాక్_రిజర్వ్ చేశాకే మొదటి అలొకేషన్ చెయ్యి. ఇనిట్‌ఆర్‌డీని మరిచావనుకో, మెమ్‌బ్లాక్_అలాక్ ఆ జాగానే ఇచ్చి, సున్నాలతో నింపేయొచ్చు. తప్పు బయటపడేది చాలా తర్వాత, ఇనిట్‌ఆర్‌డీలోని ఫైళ్లను (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్) విప్పేటప్పుడు. నువ్వేమో డీకంప్రెషన్ కోడ్‌లో వెతుకుతూ కూర్చుంటావు. పైగా మెమ్‌బ్లాక్ మామూలుగా పై అడ్రసుల నుంచి కిందికి ఇస్తుంది, కాబట్టి ర్యామ్ సైజు మారితే దెబ్బ తగిలే చోటూ మారుతుంది. క్యూఈఎంయూలో (మెషీన్ ఎమ్యులేటర్) 512 ఎంబీతోనూ 8 జీబీతోనూ బూట్ చేసి చూడు.

ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ జాగా మ్యాప్ అయినట్టు (వర్చువల్ అడ్రస్‌తో అందినట్టు) కాదు. ఏఆర్ఎం64లో ఆ మ్యాపింగ్ చేసే పేజింగ్_ఇనిట్‌కు ముందు మెమ్‌బ్లాక్_అలాక్ పిలిస్తే, మ్యాప్ కాని అడ్రసులో సున్నాలు రాయబోయి ఫాల్ట్ అవుతుంది. అక్కడ మెమ్‌బ్లాక్_ఫిజ్_అలాక్‌తో ఫిజికల్ అడ్రస్ తీసుకుని ఫిక్స్‌మ్యాప్ (ముందే కేటాయించి ఉంచిన వర్చువల్ అడ్రసులు) ద్వారా రాయాలి. ఎక్స్86లో ఈ ప్రమాదం రాకుండా మ్యాపింగ్ పూర్తయ్యేదాకా అలొకేషన్ పరిమితిని 1 ఎంబీ దగ్గర ఆపుతారు.

లినక్స్ 5.1 నుంచి మెమ్‌బ్లాక్_అలాక్ తనంతట తాను పానిక్ చెయ్యదు (కెర్నెల్‌ను ఆపెయ్యదు), నల్ ఇస్తుంది. చెక్ పెట్టడం నీ పని. పానిక్ మెసేజ్‌లో ఎన్ని బైట్లు అడిగావో కూడా రాయి.

మెమ్‌బ్లాక్_ఫ్రీ_ఆల్ నడిచాక పేజీలన్నీ బడ్డీవి. ఆ తర్వాత రిజర్వ్ చేస్తే పట్టికలో పేరు పడుతుందేమో గాని పేజీలు ఆగవు. రెండు దశల్లోనూ నడిచే ఫంక్షనైతే స్లాబ్_ఈజ్_అవైలబుల్ చూసి దారి ఎంచు. మెమ్‌బ్లాక్ ఇచ్చినదాన్ని కెఫ్రీకి (కెమాలక్ మెమరీని వదిలే ఫంక్షన్) ఎప్పుడూ ఇవ్వకు.

మెషీన్ మూగబోతే కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఎర్లీకాన్ (తొలి దశ కన్సోల్), మెమ్‌బ్లాక్=డీబగ్ రెండూ పెట్టు. ఏ రేంజ్‌ను ఏ ఫంక్షన్ పట్టుకుందో వరుసగా వస్తుంది. ముందు ఇనిట్‌ఆర్‌డీ రేంజ్ అందులో ఉందో లేదో చూడు.