పాత వెల్డింగ్ మిషన్‌కి ఏ కరెంటు?

ప్రశ్న: గేట్లు, గ్రిల్స్ పని కోసం పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. ప్లేటు మీద అక్షరాలు చెరిగిపోయాయి. 200 ఆంపియర్ల మిషన్ అని అమ్మినాయన చెప్పాడు. కరెంటు వైపు రెండే వైర్లున్నాయి కదా అని ఇంట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ కలిపాను. గుయ్యిమంటోంది గానీ రాడ్డు అతుక్కుపోతోంది, ఆర్క్ నిలవడం లేదు. మిషన్ పోయినట్టేనా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: పోయిందని అప్పుడే అనుకోకండి. 415 వోల్టుల మిషన్‌ని 230 వోల్టులకు కలిపితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. మన దగ్గర పాత మిషన్లు చాలావరకు త్రీఫేజు సర్వీసులో ఏవైనా రెండు ఫేజుల మధ్య (అక్కడ 415 వోల్టులుంటాయి) కలపాల్సినవి. వర్క్‌షాపుల్లో ‘టూ ఫేజు మిషన్’ అనేది వీటినే. వీటికి న్యూట్రల్ అక్కర్లేదు, అందుకే రెండే వైర్లు. సరైన వోల్టేజి ఇస్తే హోల్డరు దగ్గర, రాడ్డు తగిలించకముందు, 80 వోల్టుల దాకా వస్తుంది. 230 ఇస్తే అది 44కి పడిపోతుంది. మామూలు రాడ్డుకి ఏసీ మీద ఆర్క్ నిలవాలంటే కనీసం 50 వోల్టులుండాలి.

ఊహించి కలపకుండా కొలిచి తేల్చుకోండి. వెల్డింగ్ కేబుళ్లు తీసేసి, ఆంపియర్ల హ్యాండిల్‌ను గరిష్ఠానికి తిప్పండి. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే మిషన్‌కి వెళ్లే ఒక వైరు మధ్యలో, పెట్టి (ఎల్‌ఈడీ పనికిరాదు) 230 వోల్టులివ్వండి. బల్బు వెలిగితే కంగారు పడొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉన్నా కొంత కరెంటు లాగుతుంది. ఇప్పుడు మల్టీమీటరుతో మిషన్ కరెంటు టెర్మినళ్ల మధ్య ఒకసారి, వెల్డింగ్ టెర్మినళ్ల మధ్య ఒకసారి వోల్టేజి చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 5 చుట్టుపక్కల వస్తే 415 వోల్టుల మిషన్. 3కి దగ్గరగా వస్తే 230 వోల్టులది. కరెంటు టెర్మినళ్ల మధ్య దాదాపు సున్నా ఉండి బల్బు నిండుగా వెలుగుతుంటే వైండింగ్‌లో చుట్లు షార్టయ్యాయని అనుమానించాలి. అలాంటిదాన్ని రివైండింగ్‌కి పంపాల్సిందే. టెర్మినళ్లు మూడో నాలుగో ఉంటే అవి 380, 415, 440 ట్యాపులు (వేర్వేరు వోల్టేజిల కోసం వైండింగ్ నుంచి బయటికి తీసిన కొసలు) కావచ్చు, లేదా 230, 415 రెండింటికీ పనికొచ్చే మిషన్ కావచ్చు. ప్రతి జతనీ విడివిడిగా కొలవండి.

పొరపాటు అటువైపు జరిగితే చాలా ప్రమాదం. 230 వోల్టుల మిషన్‌కి 415 ఇస్తే కోరు (వైండింగ్ లోపలి ఇనుప దిమ్మ) అయస్కాంతత్వంతో నిండిపోయి, ఖాళీగా ఉన్నా విపరీతమైన కరెంటు లాగి, ఫ్యూజు పోకపోతే వైండింగే కాలిపోతుంది.

కరెంటు ఇచ్చేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ప్రైమరీకీ (కరెంటు వైపు వైండింగ్) బాడీకీ, ప్రైమరీకీ సెకండరీకీ (వెల్డింగ్ వైపు వైండింగ్), సెకండరీకీ బాడీకీ మధ్య చూడండి. 1 మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వొద్దు. వానాకాలమంతా మూలన పడున్న మిషన్‌లో చెమ్మ చేరడం మామూలే. ఎయిర్ కూల్డ్ మిషన్ అయితే మూత తీసి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి మళ్లీ కొలవండి. ఆయిల్ మిషన్‌లో అయితే ముందు ఆయిల్ మట్టం, అడుగున నీళ్లు చేరాయేమో చూడాలి.

ఇక లోడు. 80 వోల్టులు, 200 ఆంపియర్లు అంటే 16 కేవీఏ (వోల్టుల్ని ఆంపియర్లతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది). 415 మీద దాదాపు 39 ఆంపియర్లు. 3.15 మి.మీ. రాడ్డుతో 110 ఆంపియర్ల మీద పనిచేసినా లైను నుంచి 21 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి సింగిల్ ఫేజు మీటరు దీనికి చాలదు. త్రీఫేజు సర్వీసు తీసుకోవాలి. పొలం మోటారు సర్వీసు నుంచి లాగొద్దు. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడుకోవడం విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కిందికి వస్తుంది, రెట్టింపు రేటు కట్టిస్తారు. ఈ మిషన్ల పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) చాలా తక్కువ కాబట్టి కేవీఏకి తగ్గ కెపాసిటర్ కూడా పెట్టించండి. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, వెంటనే దాని టెర్మినళ్లు ముట్టుకోకూడదు.

మీటరు నుంచి మిషన్ దాకా 20 మీటర్ల లోపైతే 6 చదరపు మి.మీ. రాగి కేబుల్ వేయండి, అందులో మూడో వైరు ఎర్తుకి. వెల్డింగ్ కేబుల్ 35 చదరపు మి.మీ. రాగిది కావాలి. కేబుల్ కొసలకి లగ్గులు (లోహపు తొడుగులు) క్రింప్ చేసి, అంటే గట్టిగా నొక్కించి, బిగించండి. చుట్టి వదిలేసిన వైరు వేడెక్కి టెర్మినల్ కాలిపోవడమే పాత మిషన్లలో ఎక్కువగా కనిపించే రిపేరు.

ప్రశ్న: వెల్డింగ్ మిషన్ స్విచ్చి వేయగానే 40 ఆంపియర్ల ఎంసీబీ ఒక్కోసారి పడిపోతోంది, ఒక్కోసారి పడదు. ఎందుకు?

జవాబు: మీది ‘సి’ రకం ఎంసీబీ అయి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇచ్చిన క్షణంలో రేటింగ్‌కి పది రెట్లకు మించి కరెంటు రావచ్చు. స్విచ్చి వేసినప్పుడు ఏసీ అల ఎక్కడుందన్నదాన్ని బట్టి, కోరులో మిగిలిన అయస్కాంతత్వాన్ని బట్టి అది ఎక్కువో తక్కువో అవుతుంది. ‘సి’ రకం 5 నుంచి 10 రెట్లకే పడిపోతుంది, ‘డి’ రకం 10 నుంచి 20 రెట్ల దాకా ఆగుతుంది. అదే 40 ఆంపియర్లలో రెండు పోళ్ల (రెండు వైర్లనీ ఒకేసారి తెంపే) ‘డి’ రకం వేయండి. 63కి పెంచొద్దు, అప్పుడు కేబుల్‌కి రక్షణ పోతుంది. ‘డి’ రకం కూడా ప్రతిసారీ పడుతుంటే వెల్డింగ్ కేబుళ్లు విప్పేసి చూడండి. అప్పటికీ పడితే లోపం మిషన్‌లోనో ట్యాపులోనో ఉంది.

ప్రశ్న: ఎర్త్ క్లాంపు ఉంది కదా, బాడీకి మళ్లీ ఎర్తు దేనికి?

జవాబు: ఆ క్లాంపు వెల్డింగ్ కరెంటు తిరిగొచ్చే దారి మాత్రమే. ప్రైమరీ వైండింగ్ బాడీకి తగిలితే దానివల్ల ఏ రక్షణా ఉండదు. బాడీ బోల్టు నుంచి ఎర్తు గుంతకి విడిగా వైరు వెళ్లాలి. క్లాంపును మాత్రం వెల్డింగ్ చేసే చోటికి వీలైనంత దగ్గరగా, తుప్పు గీకేసిన ఇనుము మీద పెట్టండి. దూరంగా ఏ షెడ్డు స్తంభానికో తగిలిస్తే వందల ఆంపియర్లు భవనం ఎర్తు వైర్ల గుండా తిరిగొచ్చి, వాటిని కాల్చేస్తాయి.