రెండో స్ప్రేకు రాని పెస్ట్ కంట్రోల్ సంస్థపై ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: విజయవాడలో మాకు సొంత ఫ్లాటు ఉంది. ఇంటినిండా నల్లులు పట్టడంతో 2025 జనవరి 2న ఒక పెస్ట్ కంట్రోల్ సంస్థకు 7,200 రూపాయలు చెల్లించి మందు కొట్టించాము. మళ్లీ 17న రావలసి ఉండగా, సంక్రాంతికి ఊరు వెళ్లినందువల్ల 20న రమ్మని కోరాము. సరేనన్నారు కాని రాలేదు. ఫిబ్రవరి 8న గట్టిగా నిలదీస్తే, ‘రెండో సర్వీసు వాయిదా కోరింది మీరే, గ్యారంటీ వర్తించదు’ అని నా భార్య ఫోనుకు వాట్సాప్ మెసేజ్ పంపారు. పిల్లలకు రాత్రిళ్లు నిద్ర లేదు. మా చెల్లెలి పెళ్లిచూపుల నాడు వచ్చినవారి చొక్కా మీదికి నల్లి పాకితే తలెత్తుకోలేకపోయాము. కొత్త పరుపును కూడా తగలబెట్టుకున్నాము. 10 లక్షల పరిహారం కోరవచ్చా? ఈలోగా ధాన్యంలో వేసే మాత్రలు గదుల్లో పెట్టి, రెండు రోజులు తాళం వేసి వెళదామని మా బావమరిది అంటున్నాడు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అయితే మీ కేసును తేల్చేది ఆ నాలుగు పేజీలు కాదు, వాటికి జతచేసిన బిల్లులోని ఒక్క పంక్తి. అందులో ‘నల్లుల ట్రీట్‌మెంట్, 2 సర్వీసులు, మొత్తం 7,200’ అని ఉన్నది. ఆ పంక్తిని మీరు ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావించలేదు. గ్యారంటీ, గ్యారంటీ అంటూ దానినే పట్టుకుని వేలాడుతున్నారు. ‘రెండు సర్వీసులు 15 రోజుల వ్యవధిలో పూర్తయితేనే మూడు నెలల గ్యారంటీ’ అన్న షరతు అదే బిల్లు అడుగున అచ్చై ఉన్నది కనుక, ఆ దారిన వెళితే మూడు రోజుల ఆలస్యం ఎవరిదన్న వాదనలో ఇరుక్కుంటారు. దాని జోలికి పోకండి. గ్యారంటీ రద్దయిందనే అనుకున్నా, రెండు సర్వీసులకు డబ్బు తీసుకుని ఒక్కటే చేసి చేతులు దులుపుకోవడానికి ఆ షరతు అనుమతి ఇవ్వదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం అంటే ఇదే.

రెండో సర్వీసు అనేది ఉచితంగా ఇచ్చే కొసరు కాదని వినియోగదారుల కమిషన్‌కు అర్థమయ్యేలా ఫిర్యాదులో రాయాలి. నల్లి గుడ్డు ఇంచుమించు ఒక మిల్లీమీటరు పొడవుండి, తెల్లని రవ్వ నలుసులా మంచం బద్దీల సందులోనో, పరుపు కుట్టులోనో అంటుకుని ఉంటుంది. మామూలుగా కొట్టే మందులు దానిమీద అంతగా పనిచేయవు. ఆరు నుంచి పది రోజుల్లో అది పొదిగి పిల్ల బయటకు వస్తుంది కనుకనే రెండు వారాల తరువాత మళ్లీ కొట్టాలి. మొదటిసారి కొట్టి ఆపేయడమంటే సగం పని చేసి వదిలేయడమే. పైగా నల్లి నెలల తరబడి రక్తం తాగకపోయినా బతకగలదు, చాలాచోట్ల పైరిత్రాయిడ్ అనే రకం పురుగుమందులకు లొంగడం మానేసింది కూడా. సంస్థవారు మాత్రం ‘మేము చంపినవి చచ్చాయి, ఇవి పక్క ఫ్లాటు నుంచో, మీరు ఊరి నుంచి తెచ్చుకున్న సంచుల్లోనో వచ్చినవి’ అని తప్పక వాదిస్తారు.

ఇక సాక్ష్యం సంగతి. ‘సరే సార్, 20న వస్తాం’ అన్న జవాబు మీ ఫోనులోనే ఉండేదట, ఫోను మార్చినప్పుడు చాట్ పోయిందట! డబ్బు కట్టి, గొడవ పడి, కేసు వేయాలన్న ఆలోచన ఉన్న మనిషి బ్యాకప్ లేకుండా ఫోను మార్చడం ఏమిటి? పరుపును ఫోటో అయినా తీయకుండా, కొన్న బిల్లు వెతక్కుండా తగలబెట్టడం ఏమిటి? ఆ పరుపు మీ వస్తుసాక్ష్యం, దానిని మీ చేతులతోనే బూడిద చేశారు. శివుడు కొండెక్కింది నల్లి బాధ పడలేకనేనని మనవాళ్లు చమత్కరించారు కాని, బాధ ఎంతటిదైనా సేవాలోపాన్ని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో స్పష్టం చేసింది.

అయినా మీ అదృష్టం బాగుంది. ఫిబ్రవరి 8 నాటి మెసేజ్‌ను మీరు అవమానంగా తీసుకున్నారు, నాకు అది ఒప్పుకోలుగా కనిపిస్తున్నది. ‘రెండో సర్వీసు వాయిదా కోరింది మీరే’ అనడంలోనే రెండో సర్వీసు బాకీ ఉన్నదనీ, అది జరగలేదనీ వారే రాసిచ్చారు. ఆ మెసేజ్ ఉన్న ఫోనును అమ్మకండి, మార్చకండి, రీసెట్ చేయకండి. నంబరు, తేదీ కనిపించేలా ప్రింటు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇవ్వవలసిన ధ్రువపత్రాన్ని మీ భార్య పేరుతో జతచేయించండి. ఆ తరువాత లైసెన్సు ఉన్న వేరొక పెస్ట్ కంట్రోల్ సంస్థతో ఇల్లు పరీక్ష చేయించి, గుడ్లు, ఊడిన కుబుసాలు, పరుపుల అంచుల్లో నల్లని మరకలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఆలస్యంగా వచ్చే నివేదిక కనుక దాని బలం కొంత తగ్గుతుంది, అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

కాలపరిమితి విషయంలో ఏమరుపాటు వద్దు. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్యకారణం, అంటే కేసుకు దారితీసిన ఘటన, తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. సంస్థ నిరాకరించిన ఫిబ్రవరి 8 నుంచి లెక్కించాలని వాదించవచ్చు కాని, ఆ వాదనపై ఆధారపడవలసిన అవసరం ఏమున్నది? వస్తామని రాని జనవరి 20 నుంచే లెక్క వేసుకుని, 2027 జనవరి 19లోపు ఫిర్యాదు వేసేయండి. ఏడాది ఇప్పటికే గడిచిపోయింది. నోటీసు మీద నోటీసు పంపుతూ ఉంటే గడువు పెరుగుతుందని చాలామంది భ్రమపడతారు. పెరగదు.

మీ బావమరిది చెప్పిన మాత్రల సంగతి ఇంతటితో మరచిపోండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. మీరు తాళం వేసి ఊరెళ్లినా, తలుపు సందుల నుంచీ పైపుల పక్క కన్నాల నుంచీ అది పక్క ఫ్లాటులో నిద్రపోతున్నవారి దగ్గరకు వెళుతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు, ఎవరికీ ఏమీ కాకపోయినా విషపదార్థంతో నిర్లక్ష్యంగా వ్యవహరించినందుకు సెక్షన్ 286 ఉన్నది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు ఉంటుంది. అదీగాక, మీరు సొంతంగా మందు పెట్టిన మరుక్షణం ‘మా పనిని పాడుచేసింది వారే’ అని చెప్పుకునే అవకాశం సంస్థకు దొరుకుతుంది.

పది లక్షల మాట కూడా వదిలేయండి. కమిషన్ పరిధి, ఫీజు నిర్ణయమయ్యేది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి. మీ 7,200కు ఫీజు ఏమీ ఉండదు. చెల్లించిన సొమ్ము వాపసు, వేరే సంస్థతో పూర్తి ట్రీట్‌మెంట్ చేయించుకుంటే ఆ బిల్లు మొత్తం, మానసిక వేదనకు 25,000, ఖర్చులు అడగండి. బిల్లు లేని పరుపును ఇందులో చేర్చకండి, చేర్చితే మిగిలిన లెక్కను కూడా అనుమానిస్తారు. మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచైనా వేయవచ్చు. దానికి ముందు ఒకే ఒక్క నోటీసును స్పీడ్ పోస్టులో పంపండి. ‘2 సర్వీసులకు డబ్బు తీసుకున్నారు, రెండవది 20న చేస్తామని చేయలేదు, 15 రోజుల్లో సొమ్ము వాపసు ఇవ్వండి’ అన్న మూడు ముక్కలు చాలు. పెళ్లిచూపుల ప్రస్తావన అందులో వద్దు. పోస్టు రసీదును మాత్రం ఈసారి పారేయకండి.